పరపతి లేనోళ్ల జాగ

2023 జనవరిలో ఒక బ్యాంకు మేనేజరు తన ముందున్న కంప్యూటర్ తెరను నా దిక్కు తిప్పి చూపించాడు. తెర మీద ఒక అంకె ఉంది. 571. "ఇది మీ సిబిల్ స్కోరు సార్. ఏడు వందలు దాటినోళ్లకే మేం ఇంటి లోన్ చూస్తున్నం. గిట్లుంటే ఫైలు పైకి పంపినా తిరిగొస్తది" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. కుర్చీ చూపించాడు, నీళ్లు ఇప్పించాడు. నా కులం అడగలేదు. నేను సర్కారు బడి పంతులును. పదేండ్ల సర్వీసు ఉంది. నెలనెలా జీతం అదే బ్యాంకులో పడుతుంది. అయినా నన్ను నమ్మవద్దని ఆ అంకె చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి మా నాయిన గడప కాడ కూర్చుని ఉన్నాడు. "ఇస్తమన్నరా బిడ్డా?" అని అడిగాడు. "ఇయ్యరట నాయినా. నా పరపతి బాగలేదట" అన్నాను. ఆయన నవ్విండు. "మన పరపతి ఎన్నడు బాగుండె కొడుకా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పు తీర్చలేకపోవడం మనిషి గుణంలో లోపమా? నమ్మకం చెడినవాడు భూమి కొనాలనుకోవచ్చా? కొనాలనుకుంటే అతనికి తెరిచి ఉన్న తలుపు ఏది? ఆ తలుపులోంచి పోవడం న్యాయమేనా? నేను తత్వశాస్త్రం చదువుకోలేదు. నా ఇంట్ల జరిగింది రాస్తాను. ప్రశ్నలు అందులోనే ఉన్నాయి.

"పరపతి" అన్న మాట మన దిక్కు రెండు తీర్లుగా నడుస్తది. సహకార సంఘం బోర్డు మీద ‘వ్యవసాయ పరపతి సంఘం’ అని రాసి ఉంటుంది. అక్కడ పరపతి అంటే అప్పు. "ఫలానా పటేలుకు మండలంలో మంచి పరపతి ఉన్నది" అంటే పలుకుబడి. ఒకే మాటకు ఈ రెండు అర్థాలు ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఎవరి మాట చెల్లుతుందో వాళ్లకే అప్పు పుడుతుంది. ఎవరికి అప్పు పుడుతుందో వాళ్ల మాటే చెల్లుతుంది. రెండింటి కిందా భూమి ఉంటుంది.

అట్లని మా మాదిగవాడకు అప్పే పుట్టలేదని కాదు. పుట్టింది. భూమి లేదు గనుక మనిషిని కుదవ పెట్టుకుని ఇచ్చిన్రు. మా ఊరు లక్షెట్టిపేట దిక్కు ఉంటుంది. మా తాత పెద్దబిడ్డ పెండ్లికి దొర దగ్గర నాలుగు వందలు తెచ్చిండు. దాని కింద పదేండ్ల వయసున్న మా నాయినను జీతం పెట్టిండు. పసులు కాసుడు, పేడ తీసుడు, రాత్రిపూట చేను కావలి. ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక ధోతి. ఆ వడ్లల్లకెల్లి మిత్తి పట్టుకోంగ మిగిలినవి ఇంటికి వచ్చేవి. ఏడేండ్లు చేసిండు. అసలు అసలు తీరుగనే ఉన్నది.

నిజాం సర్కారు ఈ పద్ధతిని ‘భగేలా’ అని పేర్కొని 1936లోనే దాని మీద ఒక నిబంధన తెచ్చింది. స్వతంత్ర దేశం 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం చేసింది. రెండు కాయితాలూ మా నాయిన పండుకునే పసుల కొట్టం దాకా రాలేదు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగినంక ఆ గాలి గోదావరి దాటి మా దిక్కు వచ్చింది. జీతగాండ్లు ఒక్కొక్కరే కొట్టాలు విడిచి బయటికొచ్చిన్రు. మా నాయిన కూడా అట్లనే వచ్చిండు. దొర లెక్కల ప్రకారం ఆయన అప్పు ఎగ్గొట్టి పోయినోడు. ఏడేండ్ల రెక్కల కష్టం ఆ లెక్కలో ఎక్కడా జమ కాలేదు.

నా ఉద్యోగానికి వచ్చే డబ్బులను కూడా జీతమే అంటారు. ఆయనదీ జీతమే, నాదీ జీతమే. చిన్నప్పుడు ఈ మాట వింటే సిగ్గు అయ్యేది.

నా లెక్క ఎట్ల చెడిందో కూడా దాచుకోను. మా వాడలో మొదటి డిగ్రీ నాది. కరీంనగర్‌లో ఎస్సీ హాస్టల్‌లో ఉండి చదివి, 2013లో ఉద్యోగంలో చేరాను. 2016లో తోటి పంతులు ఒకాయన బ్యాంకులో లోన్ తీసుకుంటూ జమానతు సంతకం చేయమన్నాడు. మొదటిసారి ఒక మనిషి నా సంతకానికి విలువ ఉందన్నాడు. ఆ సంబురంలో చేసేశాను. 2019లో ఆయన బిడ్డకు పెద్ద జబ్బు చేసింది. కిస్తులు ఆపాడు. జమానతు పడినవాడి లెక్కలో కూడా ఆ బాకీ ఎక్కుతుందని అప్పటిదాకా నాకు తెలవదు.

2021 మే నెలలో మా అవ్వకు కరోనా వచ్చింది. సర్కారు దవాఖానలో మంచం దొరకలేదు. కరీంనగర్‌లో ప్రైవేటు దవాఖానలో పదకొండు రోజులు ఉంచాం. నాలుగు లక్షల అరవై వేలు అయింది. రెండు క్రెడిట్ కార్డులు గీకాను. ఒక పర్సనల్ లోన్ తీసుకున్నాను. మిగిలింది నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాను. అవ్వ దక్కలేదు. ఆ తర్వాత ఏడాదిలో ఏ నెల ఏది కట్టానో, ఏది తప్పానో నాకే గుర్తు లేదు. ఒక కార్డు వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసి, చివరికి లక్షా పదివేల బాకీకి అరవై వేలు కడితే చాలన్నారు. 2022లో కట్టి, పీడ పోయిందనుకున్నాను. రికార్డులో మాత్రం ఆ లెక్క ముగిసినట్టు రాయలేదు, ‘సెటిల్డ్’ అని రాశారు. అంటే ఇతను పూర్తిగా కట్టలేదు, మేమే వదిలేసుకున్నాం అని అర్థం.

విద్యార్థులకు ఈ యంత్రం ఎట్ల పనిచేస్తుందో తెలియాలి గనుక చెప్తాను. మన దేశంలో సిబిల్ అనే సంస్థ 2000లో ఏర్పడింది. 2005లో పార్లమెంటు రుణ సమాచార సంస్థల కోసం ఒక చట్టం చేసింది. ఇప్పుడు సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మరో మూడు సంస్థలు ఉన్నాయి. బ్యాంకులు మన కిస్తుల లెక్కలన్నీ వీళ్లకు పంపుతాయి. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. తప్పిన కిస్తు ఏండ్ల తరబడి ఆ రికార్డులో కనబడుతుంది.

మొదట నాకు ఒక సంగతి బాగానే అనిపించింది. ఈ యంత్రం దొర తీరు కాదు. ఇంటిపేరు చూడదు, ఏ వాడ అని అడగదు. కట్టినవా, కట్టలేదా, అంతే. ఇంతకన్నా సమానత్వం ఏముంటుంది అనుకున్నాను.

మా స్టాఫ్‌రూములో ఇంకో సారు ఉన్నాడు. నా వయసే, నా జీతమే. ఆయన తండ్రికి కూడా అదే 2021లో కరోనా వచ్చింది. ఆరు లక్షలు ఖర్చయింది. ఆయన అన్న ఊరిలో పది గుంటల భూమి అమ్మి పైసలు తెచ్చిండు. ఒక్క కిస్తు తప్పలేదు. ఆయన స్కోరు 790. ఆయన మంచి మనిషి, నాకు కూడా ఇరవై వేలు చేబదులిచ్చిండు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రశ్న ఆ అంకె మీద. 790కి, 571కి నడుమ ఉన్న తేడా ఏమిటి? నిజాయితీలో తేడానా? పది గుంటల భూమి తేడా. ఆపద వచ్చిన రోజు వెనుక నిలబడే తాత ఆస్తి ఉన్నదా లేదా, ఇదే ఆ అంకె లెక్కగట్టింది. దాని పేరు మాత్రం ‘నమ్మకం’ అని పెట్టారు. కులం అడగనవసరం లేదు. కులం చేసిన పని అప్పటికే అయిపోయి ఉన్నది. యంత్రం దాన్ని కూడి చూపిస్తుంది.

మరి భూమి ఎందుకు, నెలనెలా తింటున్నావు కదా అని అడిగే మిత్రులున్నారు. ముఖ్యంగా ఉద్యమాల్లో పనిచేసేవాళ్లు. ప్లాట్లు కొనుడు మధ్యతరగతి జబ్బు అంటారు. వాళ్లు ఒక్కసారి కిరాయికి ఇల్లు వెతకాలె. 1917లో విదేశాల్లో చదువుకుని వచ్చి బరోడా సంస్థానంలో కొలువుకు పోయిన అంబేద్కర్‌కు ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు దాచుకుని ఉంటే, తెలిసి కట్టెలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. నాకు కట్టెలు పట్టుకుని ఎవరూ రాలేదు. "మీరేంటోళ్లు?" అని అడుగుతారు. చెప్తే, "మా అల్లుడు వస్తడట, ఇల్లు ఇయ్యం" అంటారు. కరీంనగర్‌లో, మంచిర్యాలలో కలిపి పదేండ్లలో ఆరు ఇండ్లు మారాను. ఒక చోట బీఫ్ వాసన వచ్చిందని ఖాళీ చేయమన్నారు. ఆ రోజు మా ఇంట్లో వండింది చిక్కుడుకాయ.

ఇల్లు ఒక్కటే కారణం అని చెప్తే కూడా అబద్ధమే. నాకు లాభం మీద కూడా ఆశ ఉన్నది. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీశారు. పాత కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వచ్చినయి. పాత ఆదిలాబాద్‌లోంచి మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ వచ్చినయి. కొత్త కలెక్టరేట్ ఎక్కడ పడుతుందో ముందే తెలిసినవాళ్లు ఆ చుట్టూ భూములు కొన్నారు. మాతో చదివిన పిల్లలే నాలుగు ప్లాట్లు అమ్మి, కార్లలో తిరుగుతుంటే చూశాను. వాళ్లు చేస్తే వ్యాపారం, మేం చేస్తే జబ్బు ఎట్ల అయితది? పేదరికం మాకు మొక్కుబడి కాదు.

ఈ ఆశ నాలో ఉన్నదని మా మేనబావకు తెలుసు. ఎం.ఏ. చదివి, నౌకరి రాక కరీంనగర్‌లో ప్లాట్ల దలారి పని చేస్తున్నాడు. బ్యాంకు తిప్పి పంపిన వారానికి ఇంటికి వచ్చాడు. "బ్యాంకు పోతే పోనీ బావా. సిబిల్ లేనోళ్లకు వేరే తొవ్వలున్నయి" అని మూడు తొవ్వలు చెప్పాడు.

మొదటిది కిస్తుల వెంచర్. బ్యాంకుతో పని లేదు. నెలకు ఎనిమిది వేలు, మూడేండ్లు. ఆఖరి కిస్తు కట్టినంకనే రిజిస్ట్రేషన్. మూడు కిస్తులు వరుసగా తప్పితే ప్లాటు రద్దు, కట్టింది వాపసు రాదు.

రెండోది బయానా మీద ఆట. పన్నెండు లక్షల ప్లాటుకు లక్షా ఇరవై వేలు బయానా ఇచ్చి, నాలుగు నెలల గడువు రాయించుకోవాలి. గడువులోపల ధర పెరిగితే ఆ అగ్రిమెంటునే ఇంకొకనికి అమ్మాలి. పెరగకపోతే బయానా పోయినట్టే. ఆ లక్షా ఇరవై వేలు ఎక్కడివి అంటే, మల్ల మూడు రూపాయల మిత్తికే.

మూడోది అన్నిటికన్నా చవక. రోడ్డు పక్క ప్లాట్లు గజం ఆరు వేలు ఉంటే, ఇది రెండున్నర వేలు. "కాయితం జర కచ్చ ఉంటది. నోటరీ మీద రాసిస్తరు. రేపు సర్కారు రెగ్యులరైజ్ చేస్తే పది వేలు పలుకుతది" అన్నాడు.

ఈ మూడు తొవ్వలను ఆ రాత్రి కాయితం మీద రాసుకుని చూశాను. ప్రతి దాంట్లో చవకకు కారణం ఒక్కటే. ఆపద మొత్తం కొనేవాని నెత్తి మీద ఉంటుంది. తర్వాత చదివితే తెలిసింది, ఇది మన కరీంనగర్‌ల పుట్టిన పద్ధతి కాదు. అమెరికాలో 1930ల నుంచి నల్లవాళ్లుండే వాడలను మ్యాపుల మీద ఎర్రరంగు వేసి, అక్కడ ఇంటి అప్పులు ఇవ్వడం ప్రమాదమని గుర్తించారు. బ్యాంకు తలుపు మూసుకున్నాక చికాగోలో నల్లవాళ్లు దలారీల దగ్గర కాంట్రాక్టు మీద ఇండ్లు కొన్నారు. ధర ఎక్కువ. ఆఖరి కిస్తు దాకా ఇంటి హక్కు అమ్మినవానిదే. ఒక్క కిస్తు తప్పినా ఇల్లు పోవచ్చు, కట్టింది పోవచ్చు. 1968లో వాళ్లు కాంట్రాక్టు కొనుగోలుదారుల సంఘం పెట్టుకుని, కిస్తులు కట్టం అని కొట్లాడారు. వాళ్లకు మా వాడ తెలవదు. మా బావకు చికాగో తెలవదు. బ్యాంకు నమ్మని మనిషి దగ్గర ఎక్కువ గుంజవచ్చునన్న సంగతి మాత్రం అన్ని దేశాల దలారీలకూ తెలుసు.

ఇదంతా తెలిసి కూడా నేను మూడో తొవ్వ చూద్దామని పోయాను. దాచేదేముంది, చవక అంటే ఆశ.

మంచిర్యాలకు కొంత దూరంలో, ఒక ఊరి పక్కన నాలుగెకరాలు చదును చేసి, కడీలు పాతి, తెల్లరంగు పూసి ఉన్నాయి. బావ కొలతలు చూపిస్తున్నాడు. ఒక ముసలవ్వ కడీల నడుమ పుల్లలు ఏరుకుంటూ మా దిక్కు వచ్చింది. "ప్లాట్లు కొననీకి వచ్చిన్రా సారూ?" అంది. అవును అవ్వా అన్నాను. "కొనున్రి. మంచి భూమి. జొన్న మస్తుగ పండేది. మాదే ఇది" అంది.

బావ నా చేయి గుంజాడు. నేను ఆగి అడిగాను. వాళ్లు మాదిగోళ్లు. 1970ల్లో ఆమె పెనిమిటికి సర్కారు ఎకరా ముప్పై గుంటలు లావుణి పట్టా ఇచ్చింది. కరువు వచ్చిన ఏడు ఊరి ఆసామి దగ్గర పన్నెండు వందలు తెచ్చి, తెల్లకాయితం మీద వేలిముద్ర వేశాడట. అప్పటి నుంచి ఆసామే దున్నుకున్నాడు. ఇప్పుడు ఆసామి కొడుకు వెంచర్ వాళ్లకు ఇచ్చాడు. "అమ్మినమా, కుదవ పెట్టినమా, మాకు తెల్వదు సారూ. కాయితం ఆల్లకాడ్నే ఉన్నది" అంది. తర్వాత నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "మీరెవలు బిడ్డా?" అని అడిగింది. "మనోళ్లమే అవ్వా" అన్నాను. "గట్లయితే మంచిదే. పరాయోడు కొనేకన్నా నువ్వు కొనుడే నయం" అంది.

ఆమె ఆ మాట దెప్పిపొడవాలని అనలేదు. నిజంగానే అంది. అది నాకు ఇంకా బరువైంది.

ఎందుకంటే మా ఇంట్ల కథ కూడా ఇదే. 1975లో మా తాతకు ఎకరం ఇరవై గుంటలు లావుణి పట్టా వచ్చింది. 1987లో శావుకారి చేతిలోకి పోయింది. అసైన్డ్ భూములను అమ్మినా, కుదవ పెట్టినా చెల్లదని 1977లోనే చట్టం వచ్చింది. అట్ల చేతులు మారిన భూమిని స్వాధీనం చేసుకుని మొదటి పట్టాదారుకు గానీ వారసులకు గానీ తిరిగి ఇచ్చే వీలు ఆ చట్టంలో ఉన్నది. పదేండ్ల ముందే వచ్చిన ఆ చట్టం మా తాతకు తెలవదు. శావుకారికి తెలుసు. తెలిసే తెల్లకాయితం మీద రాయించుకున్నాడు.

దారిలో బావతో కొట్లాట అయింది. ఆయన మాటలు ఇక్కడ న్యాయంగా రాయాలి. "నువ్వు కొనకుంటే ఆ ముసలిదానికి భూమి వాపసొస్తదా? రాదు. ఇంకోడు కొంటడు. ఊరంత లూటీ చేసుకుంటుంటే ధర్మం మనకొక్కనికేనా? ఆల్ల తాతలు మన తాతల కాడ గుంజుకున్నరు, ఇయ్యాల ఆల్ల మనుమలు మర్యాదస్తులు. మనం ఒక్క ప్లాటు కొంటేనే పాపమొస్తదా?" అన్నాడు.

ఆ మాటల్లో అబద్ధం లేదు. నేను వదిలినంత మాత్రాన అవ్వకు గుంట భూమి కూడా రాదు. మా మీద జరిగిన అన్యాయానికి మేమే నీతిమంతులమై పరిహారం కట్టాలని అడగడం కూడా అన్యాయమే. ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె ఏఎన్ఎం. వాడవాడ తిరిగే మనిషి. "నీ నీతి మంచిదే. గని కిరాయి ఇల్లు అడిగినప్పుడల్ల కులం చెప్పుకునేది నేను" అంది. ఆమెకూ నేను జవాబు చెప్పలేకపోయాను.

బావ ఇంకో బేరం కూడా చెప్పాడు. ఆదిలాబాద్ ఏజెన్సీలో, ఒక ఆదివాసీ పేరు మీద భూమి ఉంచి, లోపల మనం కాయితం రాసుకుందామని. అక్కడ 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరుడు భూమి కొనడం చెల్లదు. గిరిజనేతరుల్లో నేనూ ఉంటాను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు పోలీసు తుపాకులకు బలయింది భూమి గోసలోనే. ఆ భూమి మాకు చవకగా వస్తుందంటే కారణం, అక్కడ మాకన్నా పరపతి లేనివాళ్లున్నారు. ఈ బేరం దగ్గర నాకు ఆలోచన అవసరం పడలేదు. అప్పుడే అవ్వ జాగ గురించి కూడా తేలింది. పరపతి చెడినవానికి తెరిచి పెట్టిన తలుపు, ఎప్పుడూ వానికన్నా పరపతి లేనివాని ఇంటి వెనుకకే తెరుచుకుంటుంది. బ్యాంకు నన్ను ఆ అంకెతో కొలిచింది. ఆ జాగ కొంటే అదే కొలతతో అవ్వను నేను కొలిచినట్టు. ఆమె వేలిముద్రకు విలువ లేదు గనుకనే అది నాకు రెండున్నర వేలకు వస్తుంది.

కొనలేదు. దీన్ని త్యాగమని ఎవరూ అనుకోవద్దు. నాకు భయం కూడా ఉన్నది. అసైన్డ్ భూమి నిషేధిత జాబితాలో ఉంటుంది, రిజిస్ట్రేషన్ కాదు. నోటరీ కాయితం హక్కు ఇవ్వదు. మిత్తికి తెచ్చి పెట్టిన పైసలు పోతే, మల్ల మా నాయిన కొట్టంలోకే నేను పోయినట్టు. నీతీ, భయమూ రెండూ కలిసి ఆపినయి. ఏది ఎంత అని తూకం వేయలేను.

ఆ తర్వాత చేసింది చెప్తాను. మొదలు నా రుణ నివేదిక తీసుకున్నాను. నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. అందులో 2018లో తీరిపోయిన ఒక బాకీ ఇంకా ఉన్నట్టే రాసి ఉంది. ఫిర్యాదు చేస్తే సరిచేశారు. 2024 ఏప్రిల్ నుంచి ముప్పై రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ‘సెటిల్డ్’ అని రాసిన కార్డుకు మిగిలిన యాభై వేలు కూడా కట్టి, బాకీ లేదన్న కాయితం తీసుకున్నాను. జమానతు పడిన బాకీని ఆ పంతులు, నేను చెరిసగం వేసుకుని తీర్చాం. ఆయన బిడ్డ ఇప్పుడు బాగున్నది. ఇరవై వేలు డిపాజిట్ పెట్టి, దాని మీద చిన్న కార్డు తీసుకుని, నెలకు రెండు వేలు వాడి తప్పకుండా కట్టాను. మిత్తి అప్పులన్నీ ముందు తీర్చాను. రెండేండ్లు పట్టింది. 2025లో నా అంకె 726. ఆ రెండేండ్లలో నేను మంచివాణ్ణి అయింది ఏమీ లేదు. ఇంతకుముందు చెడ్డవాణ్ణీ కాదు. ఇంట్లో ఎవరికీ పెద్ద జబ్బు రాలేదు, అంతే.

అవ్వ తరఫున 2023లో ఒక దరఖాస్తు రాసి ఇప్పించాను. దాని కథ కూడా చెప్పాలి. రెండు నెలల తర్వాత ఆమె కొడుకు వెంచర్ వాళ్ల దగ్గర రెండు లక్షలు తీసుకుని, మాకు అభ్యంతరం లేదని సంతకం చేశాడు. నేను అడిగితే, "సారూ, మీకు నౌకరున్నది. భూమి వాపసొస్తే బోరు ఎవలేస్తరు? ఆల్లతోని ఎవలు కొట్లాడుతరు? రెండు లక్షలు కండ్ల చూసిన" అన్నాడు. దరఖాస్తు ఎక్కడున్నదో అక్కడే ఉన్నది. నేను చేసింది తప్పని అనుకోను. కానీ ఒక్కడు చేస్తే ఇంతే అవుతుంది. 1947లో అంబేద్కర్ ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో భూమి రాజ్యానిది కావాలని, కుల మత భేదం లేకుండా ఊరివాళ్లంతా కలిసి సాగు చేయాలని, నీళ్లు, పసులు, విత్తనాలు రాజ్యమే ఇవ్వాలని ఎందుకు రాశాడో ఆ కొడుకు మాటతో నాకు అర్థమైంది. గుంట భూమి, దాని వెనుక నిలబడే బలం లేకుండా ఇస్తే, అది మళ్లీ బలమున్నవాని చేతికే పోతుంది.

2025 మే నెలలో బ్యాంకు అప్పుతో నూట ఇరవై గజాల ప్లాటు నా భార్య పేరు మీద రిజిస్టరు చేయించాం. లేఅవుట్ అనుమతి ఉన్నది. రోడ్డుకు దూరం, ధర ఎక్కువ. కొనేముందు ముప్పై ఏండ్ల ఈసీ తీశాను. నిషేధిత జాబితా చూశాను. పాత పహాణీలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా నకళ్లు తీయించాను. నాయినను తీసుకుపోయి చూపించాను. ఆయన ప్లాటు చూడలేదు. "ఎవని జాగ బిడ్డా ఇది?" అని అడిగాడు. గర్వంగా కాయితాలన్నీ చదివి వినిపించాను. పట్టాదారు ఫలానా, కాస్తుదారు ఫలానా అని. ఆయన అంతా విని, "మరి దున్నిన జీతగాని పేరేది?" అన్నాడు.

ఖాస్రా పహాణీలో పట్టాదారుకు ఒక గడి ఉంది, సాగులో ఉన్నవానికి ఒక గడి ఉంది. జీతగానికి గడి లేదు. నేను శుద్ధమైన కాయితం అని కొన్నది, అంత వరకే శుద్ధం.

చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు చాలామంది రేపు నౌకర్లు చేస్తారు, జాగలు కొంటారు. కొనండి. లాభం కూడా చేసుకోండి. మన పిల్లలకు ఆపద రోజున పది గుంటల అండ ఉండాలి. కానీ గజం ఎంత అని అడిగే ముందు, మా నాయిన అడిగిన మాట అడగండి. ఎవని జాగ ఇది? ఆ జవాబు ఏ అవ్వ దగ్గరన్నా ఆగితే, ఆడ ఆగండి. ఆమెతో కలిసి ఆఫీసుకు పోండి. నేను ఒక్కణ్ణే పోయి ఓడిపోయాను. పదిమంది పోతే ఏమవుతుందో ఇంకా చూడలేదు.